పిల్ల రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం వంటిల్లు కడిగి సర్దుకుని, పిల్లలు బడినుంచి వచ్చేలోగా కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు "ఉన్నత విద్యారంగంలో స్త్రీల నాయకత్వం" అని మొదలుపెడితే మీలో సగంమంది రేడియో కట్టేస్తారని నాకు తెలుసు. నాకు ఇచ్చిన విషయం అదే. కాని నేను చెప్పదలచుకున్నది ఒక మంచం సంగతి. పై చదువుకని ఊరు విడిచి వచ్చిన ఆడపిల్లకు రాత్రి పడుకోవడానికి ఒక మంచం, దాని చుట్టూ నాలుగు గోడలు, తలుపుకు ఒక గొళ్ళెం. విశ్వవిద్యాలయాలను నడిపే స్త్రీలకూ ఈ మంచానికీ ఏమిటి సంబంధం అంటారా? అదే చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మీలో చాలామంది హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే ఉంటారు. కల్వకుర్తి, డిండి దాటిన తరువాత ఎండిన చేలు వెనకబడి, గుట్టలు ఎదురు వస్తాయి. మన్ననూరు దగ్గర అటవీశాఖవారి గేటు ఉంటుంది. పులులు తిరిగే అడవి గనుక రాత్రి 9 గంటలకు ఆ గేటు వేసేస్తే మళ్ళీ ప్రొద్దున 6 గంటలకే తీస్తారు. బస్సు అక్కడ ఆగినప్పుడు మనం చేసే పనల్లా కిటికీలోంచి కోతులను చూపించి పిల్లలను నవ్వించడం. ఆ గేటు దాటకుండా, మన్ననూరు నుంచి ప్రక్కకు వెళ్ళే దారి పట్టుకుంటే అమ్రాబాదు వస్తుంది. నల్లమల గుట్టల మీద పరచినట్టుండే ఎత్తయిన నేల అది. మొన్న మొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఇప్పుడు ఆ చుట్టుప్రక్కల అడవికంతా అమ్రాబాదు పులుల అభయారణ్యం అని పేరు. పులికంటే ముందు ఆ ఊరికి పేరు తెచ్చినవి అక్కడి పశువులు. ఒంటిమీద పొడలున్న తూర్పు జాతి ఎద్దులు. బండరాళ్ళ దారిలోనైనా, ఎండలోనైనా బెదరవని పాలమూరు రైతులు వెతుక్కుంటూ వెళ్ళి కొంటారు. ఆ పొడ తూర్పు పశువులను 2020లో ప్రత్యేకమైన జాతిగా ప్రభుత్వ సంస్థ గుర్తించింది కూడా.

గేటు అవతల అడవిలో చెంచులుండే చిన్న చిన్న ఊళ్ళను పెంటలు అంటారు. మన ఊళ్ళలో పెంట అంటే వేరే అర్థం. మొదటిసారి విన్నప్పుడు నేను మూతి ముడుచుకున్నాను, తరువాత సిగ్గుపడ్డాను. అప్పాపూరు పెంట, ఫలానా పెంట అని వాళ్ళు ఎంతో ముద్దుగా చెప్పుకుంటారు.

దాదాపు ముప్పయ్యేళ్ళ క్రిందట నేను ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా ఉండగా, ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకని పిల్లలను తీసుకుని ఆ ప్రాంతానికి వెళ్ళాను. పగలు రోడ్డు పని, సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అక్షరాస్యత ప్రచారం. ఒక ఇంట్లో ఇంటరు ప్యాసయి ఊరికే కూర్చున్న అమ్మాయి కనిపించింది. ప్రక్క ఇంట్లో ఇంకో అమ్మాయి, అదే పరిస్థితి. నాకు ప్రాణం లేచివచ్చింది. తల్లులిద్దరినీ అరుగుమీద కూర్చోబెట్టి నా ఉపన్యాసం మొదలుపెట్టాను. ఫీజు ఎంతో కాదు, స్కాలర్‌షిప్పు వస్తుంది, పుస్తకాలు మేము ఇస్తాం, డిగ్రీ అయితే ఉద్యోగం. అన్నీ ఏకరువు పెట్టాను. అందులో ఒకావిడ అంతా విన్నది. విని, కొట్టంలో ఉన్న కోడెవైపు చూపించి, "డబ్బుకేముందమ్మా, దాన్ని అమ్మి కడ్త. పిల్ల రాత్రి యాడ పండుకుంటది?" అన్నది.

హాస్టలు ఉన్నదని చెప్పాను. "తలుపుకు గొళ్ళెం ఉన్నదా?" ఉన్నదన్నాను. "పెద్దదిక్కు ఎవరు?" ఒక మేడమ్ వార్డెనుగా ఉంటుందన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆ మేడమ్ రాత్రి ఆడనే పండుకుంటదా, యింటికి పోతదా?" అని అడిగింది.

ఎన్నో సెమినార్లలో కూర్చున్నాను. స్త్రీవిద్యకు అడ్డంకులేమిటి అని పండితులు చదివిన పత్రాలు విన్నాను. ఆ ఆఖరి ప్రశ్న అంత సూటిగా అడిగినవారిని నేను చూడలేదు. ఆవిడకు సంతకం రాదు.

ఇది ఒక్క అమ్రాబాదు తల్లి ప్రశ్న కాదు. మన తెలుగుదేశంలో స్త్రీల పై చదువుల కథను తిరగేసి చూడండి, ప్రతి మలుపులోనూ ఇదే ప్రశ్న కనిపిస్తుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు వినని వారుండరు. 1909లో రాజమండ్రిలో పుట్టి, చిన్నతనంలోనే ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, బయటికి వచ్చాక కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదువుకున్న మనిషి. ఆవిడ వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోతే, ఆడపిల్లలకు హాస్టలు లేదు, ఎలా చేర్చుకోమంటారు అని అడ్డు వచ్చింది. అలా అన్నది చదువంటే గిట్టని వాడెవడో కాదు, అప్పటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయనకు స్త్రీలు చదవకూడదని లేదు. వాళ్ళను రాత్రిపూట ఎక్కడ ఉంచాలో తెలియలేదు, అంతే. దుర్గాబాయి గారు ఏం చేశారంటే, హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే రమ్మని పత్రికలో ప్రకటన వేయించారు. కొందరు వచ్చారు. అందరూ కలిసి ఒక వసతి చూసుకుని, హాస్టలు తామే నడుపుకున్నారు. ఇక రామలింగారెడ్డి గారికి చెప్పడానికి మాట లేకపోయింది, సీట్లిచ్చారు.

ఆ తరువాత ఆవిడ న్యాయవాది అయింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, ప్రణాళికా సంఘంలో సభ్యురాలయింది, 1958లో స్త్రీవిద్య మీద వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షురాలయింది. ఆ పదవులన్నీ మనకు గుర్తుంటాయి. నా మట్టుకు నాకు ఆవిడ నాయకత్వం వాల్తేరులో ఆ వసతి వెతికిన రోజున మొదలయిందని అనిపిస్తుంది. అద్దె మాట్లాడటం, బియ్యానికి చందాలు వసూలు చేయడం, పదిమంది అమ్మాయిల తగవులు తీర్చడం. పరిపాలన అంటే ఇదే కదండీ! మనమందరం ఇళ్ళలో రోజూ చేసేదే.

మన నిజాం ఇలాకాలో కథ ఇంకోరకం. ఇక్కడ మంచానికి తోడు భాష కూడా అడ్డం. ఉన్నత విద్య చాలావరకు ఉర్దూలో. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితో పాటే స్త్రీలు తమ సభ వేరుగా జరుపుకున్నారు. నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. మరుసటి యేడు 1931లో దేవరకొండలో. అమ్రాబాదు గుట్టల మీదనుంచి చూస్తే డిండి వాగుకు ఆవలి దిక్కు దేవరకొండ. 1936లో మన పాలమూరు జిల్లాలోనే షాద్‌నగర్‌లో జరిగితే బూర్గుల అనంతలక్ష్మమ్మ గారు అధ్యక్షత వహించారు. ఘోషా పాటించే కుటుంబాలనుంచి బండ్లకు తెరలు కట్టుకుని వచ్చి, వేదికనెక్కి ఆడపిల్లలకు బడులు కావాలని తీర్మానాలు చేయడమంటే ఆ రోజుల్లో ఎంత తెగువో మీరే ఊహించుకోండి.

హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు గారు 1928లో ఆడపిల్లలకు తెలుగులో చెప్పే బడి పెట్టారు. నారాయణగూడలో ఈనాటికీ ఆ పేరు చెప్పుకుంటారు. తెలుగులో చెప్పే ఉన్నత పాఠశాల గనుక ఇక్కడ గుర్తింపు దొరకలేదు. అయితే ఊరుకున్నారా? పూనాలో కర్వే పండితుడు 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం ఉంది, మాతృభాషలో చెప్పినా ఒప్పుకుంటుంది. దాని గుర్తింపు తెచ్చుకుని పిల్లలను పరీక్షలకు పంపారు. ఇంట్లో పొయ్యి రాజుకోకపోతే ప్రక్కింటినుంచి నిప్పు తెచ్చుకున్నట్టు.

ఇక కోఠీ ఉమెన్స్ కాలేజీ. 1924లో చిన్నగా మొదలై, 1949లో పాత బ్రిటిషు రెసిడెన్సీ భవనంలోకి మారింది. ముందు రెండు సింహాలు కూర్చుని ఉంటాయి, చూసే ఉంటారు. తెల్లదొర దర్బారు చేసిన హాలులో మన ఆడపిల్లలు పరీక్షలు వ్రాశారు. ఆ కాలేజీయే 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొర గడీకి ఎదురు నిలిచి తన పొలం గింజలను తాను దక్కించుకున్న మనిషి. బడి ముఖం చూడని ఆవిడ పేరు మీద ఈరోజు పట్టాలిస్తున్నారు. ఈ విశ్వవిద్యాలయానికి బాధ్యురాలుగా వచ్చిన ఆచార్య సూర్యా ధనంజయ్ గారు బంజారా సమాజంలోంచి వచ్చిన తెలుగు ఆచార్యురాలు. ఇంతకు ముందే 1998లో వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయానికి వృక్షశాస్త్ర ఆచార్యురాలు విద్యావతి గారు ఉపకులపతి అయ్యారు, అక్కడ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ. తిరుపతిలో 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం సంగతి మీకు తెలిసిందే.

ఈ పేర్లు వింటుంటే ఇంకేం, అన్నీ దక్కాయి కదా అనిపిస్తుంది. కొన్ని లెక్కలు చెప్తాను, భయపడకండి, పచారీ కొట్టు చిట్టా కన్నా చిన్నవే. 2021-22లో దేశం మొత్తంమీద కాలేజీల్లో, యూనివర్సిటీల్లో చదివేవారు 4 కోట్ల 33 లక్షలు. అందులో ఆడపిల్లలు 2 కోట్ల 7 లక్షలు. అంటే దాదాపు సగం. శభాష్! పాఠం చెప్పేవారిలో ప్రతి 100 మంది మగవారికి ఆడవారు 77 మంది. ఇదీ మరీ చెడ్డ లెక్క కాదు. మరి పై మెట్టుకు వెళ్దాం. 2024 అక్టోబరులో మన తెలంగాణలో ఒకేసారి 9 విశ్వవిద్యాలయాలకు ఉపకులపతులను నియమించారు. ఆ తొమ్మిది మందిలో ఒక్క స్త్రీ లేదు.

సగం మంది చదువుతున్నారు, సగానికి కొంచెం తక్కువగా పాఠాలు చెప్తున్నారు, తొమ్మిది కుర్చీల్లో మాత్రం సున్న. మధ్యలో ఎక్కడ పోయారు వీళ్ళంతా?

మన్ననూరు గేటు చెప్పాను కదా. చదువు దారిలో అటువంటి గేట్లు రెండున్నాయి. మొదటిది పద్దెనిమిదేళ్ళ పిల్లకు అడ్డం వస్తుంది, రాత్రి ఎక్కడ పడుకుంటుందని. రెండోది ముప్పై అయిదు, నలభై యేళ్ళ లెక్చరరుకు అడ్డం వస్తుంది. ఇది కంటికి కనిపించదు, దాని దగ్గర కాపలావాడు కూడా ఉండడు. చాలాసార్లు మనమే వేసుకుంటాం.

ఎలాగో చెప్తాను. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారి 2018 నిబంధనల ప్రకారం ఉపకులపతి కావాలంటే కనీసం పదేళ్ళు ప్రొఫెసరుగా పనిచేసిన అనుభవమో, దానికి సమానమైనదో ఉండాలి. ప్రొఫెసరు కావాలంటే పిహెచ్.డి. ఉండాలి, పరిశోధన పత్రాలు అచ్చు కావాలి. పై గ్రేడుకు వెళ్ళాలంటే మధ్యలో ఓరియెంటేషన్ కోర్సు, రిఫ్రెషర్ కోర్సు అని రెండు మూడు వారాలు వేరే ఊళ్ళో ఉండి చదువుకోవాలి. ఇప్పుడు లెక్క కట్టండి. ఇద్దరు ఒకేరోజు ఉద్యోగంలో చేరారనుకుందాం, ఒకాయన, ఒకావిడ. ఆయన పెళ్ళయిన మరునాడు లైబ్రరీకి వెళ్ళాడు. ఆవిడకు కాన్పులు రెండు, చంటిపిల్లల జ్వరాలు, ఆడపడుచు పెళ్ళి, మామగారి కంటి ఆపరేషను. రిఫ్రెషర్ కోర్సుకు ఈ యేడు వద్దులే, వచ్చే యేడు చూద్దాం. అలా నాలుగైదు వచ్చే యేళ్ళు గడుస్తాయి. ఆయన నలభై అయిదుకు ప్రొఫెసరయితే ఆవిడ యాభై రెండుకు అవుతుంది. దానికి పది కలపండి. ఆవిడకు అర్హత వచ్చేసరికి, రిటైరయ్యాక కాశీ వెళ్దామా రామేశ్వరం వెళ్దామా అని ఇంట్లో వాళ్ళు అడుగుతూ ఉంటారు. ఎవరూ ఆవిడను కాదనలేదు. ఎవరూ అన్యాయం చేయలేదు. కేలండరు తిరిగింది, అంతే.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక పోలేదు. 2016 నుంచి పిహెచ్.డి. చేసే స్త్రీలకు రెండేళ్ళు అదనంగా గడువు, 240 రోజులదాకా ప్రసూతి సెలవు ఇస్తున్నారు. మా రోజుల్లో అది లేదు. మా స్నేహితురాలు ఒకావిడ ఉయ్యాల తాడు కాలి బొటనవ్రేలికి కట్టుకుని ఊపుతూ థీసిస్ వ్రాసింది. గొప్పకు చెప్పడం లేదు. అలా వ్రాయవలసి రావడం ఏం గొప్ప?

ఇవి నిబంధనల సంగతులు. నియమం లేని సంగతులు వేరే ఉన్నాయి. కాలేజీలో మంత్రిగారు వస్తే బొకే ఎవరిస్తారు? లేడీ లెక్చరర్లు. ప్రార్థన పాట, టీ బిస్కెట్లు, ముగ్గులపోటీకి జడ్జి. ఇవన్నీ మావి. పరీక్షల విభాగం, బిల్డింగు కమిటీ, అకౌంట్లు మగవారివి. అవి చూసినవాళ్ళకే రేపు కాలేజీని నడపడం వస్తుంది. మనకు బొకే పట్టుకోవడం వస్తుంది.

ఇక నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళయినా ఎవరికీ చెప్పలేదు.

ఆ అమ్రాబాదు తల్లి ఇద్దరు పిల్లలనూ మా కాలేజీకి పంపింది. తన కూతురితో పాటు ప్రక్కింటి పిల్లను కూడా తానే తీసుకువచ్చి, హాస్టలు గది చూసి, తలుపు గొళ్ళెం నాలుగుసార్లు లాగి చూసి, కొంగుముడి విప్పి డబ్బు కట్టి వెళ్ళింది. హాస్టలంటే అద్దె ఇల్లు, ఇరవై మంది పిల్లలు. రెండో యేడు వార్డెనుగా ఉన్నావిడకు బదిలీ అయింది. ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచి, "అమ్మా, వార్డెను బాధ్యత మీరు తీసుకోండి. ముందు ముందు మీకే మంచిది, పరిపాలన అనుభవం వస్తుంది" అన్నారు. రాత్రులు అక్కడే ఉండాలి. వెనక రెండు గదులు ఇస్తారు, కుటుంబంతో వచ్చి ఉండవచ్చు.

నేను ఆ క్షణాన్నే, "మా ఇంట్లో ఒప్పుకోరండీ" అన్నాను.

ఒప్పుకోరని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేను ఇంట్లో అడగనే లేదు. మా అత్తగారికి కాలూ చెయ్యీ పడిపోయి అప్పటికి ఆరు నెలలు, చిన్నవాడు మూడో క్లాసు. అడిగితే మావారు "నీ ఇష్టం" అంటారని తెలుసు. ఈ "నీ ఇష్టం" అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో మీకు నేను చెప్పాలా? ఆ మాట వినవలసి వస్తుందని అడగడమే మానేశాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. ఇరవై మంది పిల్లల బాధ్యత అంటే నాకు భయం వేసింది. భయమని చెప్పుకోవడానికి సిగ్గేసి, తప్పును ఇంటిమీదికి తోసేశాను. మంచం మీద ఉన్న అత్తగారి పేరు చెబితే ఎవరు కాదంటారు?

మిగిలిన ఇద్దరు లేడీ లెక్చరర్లూ అదే మాట చెప్పారు. వాళ్ళు ఇంట్లో అడిగారో లేదో మరి. స్త్రీ వార్డెను లేకుండా ఆడపిల్లల హాస్టలు నడపలేమని దసరా సెలవులకు మూసేశారు, మళ్ళీ తెరవలేదు. ఊళ్ళో బంధువులున్న పిల్లలు వాళ్ళ ఇళ్ళకు మారారు. అమ్రాబాదు పిల్లలు ఇద్దరూ ట్రంకు పెట్టెలు తీసుకుని వెళ్ళిపోయారు. బస్సుస్టాండు దాకా వెళ్ళాను. ఆ పిల్ల నాతో మామూలుగానే మాట్లాడింది, "పోయొస్తాం మేడమ్" అన్నది. పోయారు గాని రాలేదు.

రెండేళ్ళ తరువాత మద్దిమడుగు ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్తే, గుడిదగ్గర ఆ ప్రక్కింటి పిల్ల కనిపించింది. చంకలో బిడ్డ. నన్ను చూసి నవ్వి, బిడ్డచేత నమస్తే పెట్టించింది. చదువు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రెండో అమ్మాయి, అంటే కోడెను అమ్ముతానన్న తల్లి కూతురు, మొండిది. పెళ్ళయి, పిల్లలు పుట్టిన తరువాత అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. చదివింది. 1982లో మన హైదరాబాదులో మొదలైన విశ్వవిద్యాలయం అది, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆదివారం క్లాసులు, మిగతా రోజులు ఇంట్లోనే చదువు. మంచం సమస్య లేని చదువన్న మాట. ఇది వింటున్నవారిలో ఇంటరుతోనో, అంతకు ముందో చదువాపిన వారుంటే ఒక్క మాట చెప్పనివ్వండి. అలా ఆపినవారి కోసమే దుర్గాబాయి గారు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డులో ఉండగా 1958లో సంక్షిప్త విద్యాకోర్సులు పెట్టించారు. ఏళ్ళ చదువును తక్కువ కాలంలో చెప్పి పరీక్షకు పంపేవారు. ఆ కోర్సుల్లో చదివి టీచర్లూ, నర్సులూ అయినవారు మన అమ్మల తరంలో ఎంతమందో. వయసు మించిపోయిందనే మాట వాళ్ళు వినిపించుకోలేదు.

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. ఎం.ఏ. చేసింది, పరీక్షలు వ్రాసింది. మన రాష్ట్రంలో 2016లో సాంఘిక సంక్షేమ గురుకులాలవారు ఒక్కసారే 30 మహిళా డిగ్రీ కాలేజీలు పెట్టారు, తరువాత గిరిజన సంక్షేమంవారూ పెట్టారు. పాఠంతో పాటు మంచం కూడా ఇచ్చే కాలేజీలు. అటువంటి ఒక కాలేజీలో ఆమె ఇప్పుడు తెలుగు లెక్చరరు. ఆ ఇరవై యేళ్ళూ ఊరికే పోకపోతే ఈపాటికి ఏ కాలేజీకి ప్రిన్సిపాలయ్యేదో, ఏ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలయ్యేదో. పైన చెప్పిన తొమ్మిది కుర్చీల లెక్క చదివినప్పుడల్లా నాకు ఈ పిల్లే గుర్తుకు వస్తుంది. పోయినవారిలో కొందరిని ఎవరో పోగొట్టారు. ఒకరిని నేను పోగొట్టాను.

పట్నంలో ఇల్లు చూసుకునే మాకు ఇందులో పనేమిటి అని మీరు అనుకోవచ్చు. చాలా ఉంది. రెండో గేటు తాళంచెవి యూనివర్సిటీలో లేదు, మీ ఇంటి మేకుకే వ్రేలాడుతోంది. మీ కోడలు లెక్చరరయి, మూడు వారాల కోర్సుకు వెళ్ళవలసి వస్తే, వెళ్ళనిచ్చానని చెప్పుకోవడం ఒక ఎత్తు. ఆ మూడు వారాలూ సాయంత్రం ఫోను చేసి "బాబు అన్నం తినడం లేదు" అని చెప్పకుండా ఉండడం ఇంకో ఎత్తు. బాబు తింటాడు. ఆకలేస్తే ఎవరైనా తింటారు. మీ అమ్మాయి ఇంటికి వచ్చి, "నన్ను పరీక్షల విభాగానికి ఇన్‌చార్జిగా ఉండమన్నారమ్మా, మా ఇంట్లో ఒప్పుకోరని చెప్పేశాను" అంటే, ఊరుకోకండి. ఇంట్లో అడిగావా అని అడగండి. అడిగితే నిజంగానే వద్దన్నారనుకోండి, అది వేరే పోట్లాట, దానికి దారి వేరు. అడగకుండానే వద్దనుకుని వచ్చినవారు నావంటివారు ఎందరో ఉన్నారు, వారిని ఎవరూ లెక్కపెట్టరు.

మొదటి గేటు దగ్గరా మీకు పని ఉంది. మే, జూన్ నెలల్లో డిగ్రీ సీట్లకు దరఖాస్తులు మొదలవుతాయి. ఇప్పుడంతా కంప్యూటరులోనే. ఊరినుంచి వచ్చే పిల్లకు ఏ కాలేజీకి హాస్టలు ఉందో, దేనికి లేదో ఆ తెరమీద చూసి తెలుసుకోవడం కష్టం. సీటు వచ్చాక చూస్తే హాస్టలుండదు. మీ దూరపు చుట్టాల పిల్లో, మీ ఇంట్లో పనిచేసే ఆమె పిల్లో ఉంటే, కాలేజీ పేరు అడగడానికి ముందు హాస్టలు అడగండి. వీలైతే తోడు వెళ్ళి చూడండి. గదిలో ఎన్ని మంచాలు, స్నానాల గది తలుపుకు గడియ ఉందా, రాత్రి వార్డెను అక్కడే ఉంటుందా. మనం అద్దె ఇల్లు చూసేటప్పుడు పంపు తిప్పి చూస్తామే, అలాగ. ఆఫీసులో కూర్చున్నవారికి కోపం వస్తుంది, రానివ్వండి.

పోయిన జూన్‌లో ఆ అమ్మాయి ఫోను చేసింది. అమ్మాయేమిటి, యాభై దాటిన మనిషి, నాకు మాత్రం అమ్మాయే. "మేడమ్, ఈ యేడు మా హాస్టలు బాధ్యత నేనే తీసుకున్న. ఇంట్లో మా ఆయన ముఖం ముడుచుకున్నడు. వారం దినాలు పోట్లాడి ఒప్పించిన" అన్నది. నాకు గొంతు పెగల్లేదు. ఆనాడు నేను ప్రిన్సిపాలు గారితో అన్న మాట ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఈ ప్రసంగం విన్నదో, చదివిందో అయితే తెలుస్తుంది.

మన్ననూరు గేటు అవతల ఒక పెంటనుంచి ఒక చెంచు పిల్లకు ఆ కాలేజీలో సీటు వచ్చిందట. తల్లి వెంట వచ్చింది. కాగితాలన్నీ అయ్యేసరికి చీకటి పడింది. ఇక బయలుదేరినా లాభం లేదు, వాళ్ళు చేరేసరికి గేటు వేసేస్తారు. "ఈ రాత్రికి ఇక్కడనే ఉండమ్మా" అని, కూతురి ప్రక్కన ఖాళీగా ఉన్న మంచం చూపించిందట మా అమ్మాయి. ఆవిడ మంచం మీద పడుకోలేదు. క్రింద, తలుపుకు అడ్డంగా కొంగు పరచుకుని పడుకుంది. అర్ధరాత్రి మా అమ్మాయి టార్చిలైటు పట్టుకుని గదులు చూసుకుంటూ వస్తే, ఆవిడ మేలుకునే ఉన్నదట. "నువ్వు యింటికి పోలే?" అని అడిగిందట. "లేదమ్మా, ఇక్కడనే ఉంట" అని చెబితే, అప్పుడు లేచి వెళ్ళి మంచం మీద పడుకుంది.

తెల్లవారుజామున గొళ్ళెం ఒకసారి వేసి, తీసి చూసుకుని, కూతురిని లేపకుండానే మొదటి బస్సుకు వెళ్ళిపోయిందట.